డబ్బా అలారం మోగింది, అన్నం మాత్రం ఇంకా రాలేదు!

నమస్తే అండి. ఇదిగో, అలారం ఉన్న మాత్రల డబ్బా. పేరు స్క్రీన్ మీద ఉంది. కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. గడులెన్ని, ఛార్జింగ్ ఎంతసేపు, ఇవన్నీ మీరు వేరే ఛానళ్లలో చూసే ఉంటారు. నాకు క్రానిక్ ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమం ఏళ్ల తరబడి వాచి దెబ్బతినే జబ్బు, అని పాత సబ్‌స్క్రైబర్లకు తెలుసు కదా. తిండి అరిగించే ఎంజైమ్‌లు నా క్లోమం సరిపడా ఇవ్వదు, అందుకే నేను ఇందులో పెట్టేది ఆ ఎంజైమ్ క్యాప్సూల్సే.

ఆదివారం నాగోల్‌లో మా చుట్టాల దావత్. ఒంటిగంట కాగానే డబ్బా మొదలుపెట్టింది. అక్కడ బగారా అన్నం ఇంకా దమ్ మీదే ఉంది. ఆపాను. పది నిమిషాలకు మళ్లీ మోత. పక్క కుర్చీలో పెద్దాయన ఊరుకోడు: "గోలి ఏసుకో బిడ్డా, గంట కొడ్తనే ఉన్నది." ఎట్లా వేసుకోను తాతా, ప్లేటే రాలేదు!

ఎందుకంటే ఇది గడియారం చూసి వేసుకునే మందు కాదు. క్యాప్సూల్ లోపల సన్నటి గింజలుంటాయి. కడుపులోని ఆమ్లానికి కరగకుండా వాటికి పూత ఉంటుంది. అవి తిండితో కలిసి చిన్నపేగులోకి దిగితే, అక్కడ పూత కరిగి లైపేజ్ అనే కొవ్వు అరిగించే ఎంజైమ్ బయటికొచ్చి నూనె, నెయ్యి అరిగిస్తుంది. ఖాళీ కడుపుతో మింగితే గింజలు ముందెళ్లిపోతాయి, చేయి కడుక్కున్నాక మింగితే అన్నం ముందెళ్లిపోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఈ జబ్బున్న మన బ్యాచ్‌కి చెప్పక్కర్లేదు. ఉబ్బరం, జిడ్డుగా తేలే విరేచనం, ఎన్ని నీళ్లు పోసినా కదలదు.

నాకు డాక్టర్ రాసింది భోజనానికి 25,000 యూనిట్ల లైపేజ్ ఉన్న క్యాప్సూల్స్ రెండు: మొదటి ముద్దతో ఒకటి, సగంలో ఒకటి. మీ డోసు మీ డాక్టర్ చెప్పాలి. ఈ డబ్బాకి అలారం పెట్టే యాప్‌లో చూడండి, 'భోజనానికి ముందు', 'భోజనం తర్వాత', రెండే బటన్లు. తింటూ వేసుకునే మందొకటి ఉంటుందని ఎవరికీ తట్టలేదా? నాకు తిక్క రేగింది ఇక్కడే. సాయంత్రం సమోసా తిన్నా ఒక క్యాప్సూల్ పడాలి, ఆ సంగతి డబ్బాకేం తెలుసు? అన్నట్టు, చేతిలో ఉంది కదా అని వేడి చాయ్‌తో మింగకండి, ఎంజైమ్ పాడవుతుంది. నమలొద్దు కూడా, నోరు పొక్కుతుంది.

ఇంకో గొడవ. నా మందు ప్యాక్ మీద 25 డిగ్రీల లోపు ఉంచమని ఉంది. మే నెల హైదరాబాద్‌లో బండి డిక్కీలో ఈ ప్లాస్టిక్ డబ్బా పెట్టి వెళ్తే లోపల ఏం మిగులుతుంది? మూతకు రబ్బరు రింగు కూడా లేదు, తేమ ఎలా ఆగుతుంది?

ఇంతకుముందు మెడికల్ షాపులో ఇచ్చే తియ్యటి అరుగుదల సిరప్ వాడాను. లేబుల్ తిప్పి చదవండి: పెప్సిన్, ఫంగల్ డయాస్టేజ్. ఒకటి మాంసకృత్తులకు, ఒకటి పిండి పదార్థానికి. మన అసలు తంటా కొవ్వుతో, దానికి కావలసిన లైపేజే లేదు! ఎన్ని సీసాలు తాగినా బరువు తగ్గుతూనే ఉన్నాను. క్యాప్సూల్స్ మొదలుపెట్టాకే ప్యాంటు నడుము మీద నిలబడింది. నొప్పికి మాత్రం వీటి మీద ఆశ పెట్టుకోకండి, అరుగుదల వరకే. వాడుతున్నా జిడ్డు ఆగకపోతే డోసు పెంచాలా, ఆమ్లం తగ్గించే మాత్ర జోడించాలా అని డాక్టర్‌ని అడగండి. నూనె మానేయడం దానికి మందు కాదు, మనిషి ఇంకా చిక్కిపోతాడు.

కామెంట్లలో చాలామంది అడిగారు: అవును, ఈ ఎంజైమ్‌లు పంది క్లోమం నుంచే తీస్తారు. అభ్యంతరం ఉన్నవాళ్లు మందు మానేయకుండా ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

డబ్బా సంగతంటారా? అలారం బాగా వినిపిస్తుంది, కాదనను. అమ్మ బీపీ మాత్రలకు ఇచ్చేశాను, ఆవిడకు తెగ నచ్చింది. నా క్యాప్సూల్స్ వాటి ప్యాక్‌లోనే.