చేపల కన్నా ముందు నీళ్లు: తక్కువ ఖర్చుతో ఇంట్లో తొలి అక్వేరియం

నమస్కారం. ముందు ఈ తొట్టిని ఒకసారి బాగా చూడండి. నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున గులకరాళ్లున్నాయి. ఓ మూల నుంచి బుడగలు పైకి వస్తున్నాయి. చేప మాత్రం ఒక్కటీ లేదు. 35 రోజులుగా ఇది ఇలాగే నడుస్తోంది. మా మేనకోడలు బడి నుంచి రాగానే రోజూ ఒకటే ప్రశ్న: "మామయ్యా, చేపలు ఈరోజు వస్తాయా?" ఈరోజు వస్తున్నాయి. ఇంకో గంటలో తెచ్చుకుంటాం. ఈలోగా శ్రీకాకుళంలోని మా ఇంట్లో ఈ తొట్టిని ఎలా సిద్ధం చేశామో మొదటి నుంచి చెబుతాను.

మేం పెట్టుకున్న హద్దు మూడు వేల రూపాయలు. అందులో చేపలకు కేటాయించింది వంద. మిగతాదంతా తొట్టికి, ఎయిర్ పంపుకు, ఆ పంపు గాలితో నడిచే స్పాంజ్ ఫిల్టర్‌కు, నీటి పరీక్ష కిట్టుకు. మొదటిసారి నేను దీనికి తలకిందులుగా చేశాను. గుండ్రటి గాజు గిన్నె ఒకటి, రెండు గోల్డ్ ఫిష్‌లు కొన్నాను. దుకాణంలో చెప్పినట్టే రోజూ నీళ్లన్నీ పారబోసి కొత్తవి నింపాను. నాలుగో రోజు పొద్దున రెండూ పైకి తేలి ఉన్నాయి. పాప ఆ రోజంతా అన్నం ముట్టలేదు. అవి ఎందుకు చనిపోయాయో అర్థం చేసుకున్నాకే మళ్లీ తొట్టి జోలికి వచ్చాను. ఇదంతా అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

చేప విసర్జించే దాని నుంచి, అది తినకుండా వదిలేసిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేప మొప్పలను కాల్చేస్తుంది. చెరువులో అయితే దాన్ని తినే బ్యాక్టీరియా ఉంటుంది. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే, చేప రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మరీ పేరుకుంటే తప్ప చేపకు పెద్ద ప్రమాదం లేదు. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా దాదాపు ఉండదు. అది స్పాంజికీ రాళ్లకీ పట్టి పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నా గాజు గిన్నెలో దానికి చోటూ లేదు, సమయమూ లేదు.

పాలు తోడుకోవడం మీకు తెలుసు కదా. ఇది సరిగ్గా అలాంటిదే. తోడు వేస్తే పెరుగు తొందరగా అవుతుంది. మీకు తెలిసినవాళ్లింట్లో ఏళ్లుగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే, వాళ్ల ఫిల్టర్‌లోని పాత స్పాంజి ముక్క ఒకటి అడగండి. తడి ఆరకుండా ఆ తొట్టి నీళ్లలోనే తెచ్చి మీ ఫిల్టర్ పక్కన పెట్టండి. మీ తొట్టికి అదే తోడు. మాకు అలాంటి ఇల్లు దొరకలేదు. అందుకే రోజూ చిటికెడు చేపల మేత నీళ్లలో వేశాం. అది కుళ్లి అమ్మోనియా అవుతుంది, బ్యాక్టీరియాకు అదే ఆహారం. పాప రోజూ ఆ చిటికెడు వేసి క్యాలెండరులో గీత పెట్టింది. పరీక్ష కిట్టులో మొదట అమ్మోనియా పెరిగింది. అది తగ్గుతూ ఉండగా నైట్రైట్ పెరిగింది. మేత వేస్తూనే ఉన్నా మూడు రోజులుగా రెండూ సున్నా చూపిస్తున్నాయి. అందుకే ఈరోజు. కిట్టు ఖర్చు దండగ అనుకోకండి. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నా వాటిలో అమ్మోనియా ఉండవచ్చు, కంటికి తెలియదు.

ఇక తొట్టి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే సుమారు 55 లీటర్లు పడతాయి. చిన్న గిన్నె చవక అనిపిస్తుంది కానీ, నీళ్లు ఎంత తక్కువగా ఉంటే విషం అంత త్వరగా చిక్కబడుతుంది, ఎండకు అంత త్వరగా వేడెక్కుతుంది. కొత్తది కొనే ముందు బంధువుల ఇళ్లలో అటకల మీద ఒకసారి వాకబు చేయండి. సరదాగా కొని ఏడాదికే పక్కన పెట్టేసిన తొట్లు చాలా ఇళ్లలో ఉంటాయి. అలా దొరికితే వసారాలో పెట్టి, నీళ్లు నింపి, ఒక రోజంతా వదిలేయండి. ఎక్కడైనా కారితే అక్వేరియం సిలికాన్‌తో అతికించాలి. స్నానాల గదులకు వాడే, బూజు పట్టకుండా మందు కలిపిన సిలికాన్ వద్దు, ఆ మందు చేపలకు విషం.

నీళ్లు, గాజు, రాళ్లు కలిపితే బరువు 70 కిలోలు దాటుతుంది. టీవీ బల్ల మీద పెట్టవద్దు. మాది ఈ కడప బండ వేసిన గూడు. రసమట్టం పెట్టి చూసి, కింద థర్మాకోల్ షీటు పరిచాం. నేరుగా ఎండ పడితే పాచి పట్టేస్తుంది కాబట్టి కిటికీకి దూరంగా పెట్టాం.

ఈ గులకరాళ్లకు పైసా ఖర్చు కాలేదు. మా వీధిలో ఇల్లు కడుతున్నారు. గోడల పూతకు ఇసుక జల్లెడ పట్టినప్పుడు పైన మిగిలిపోయే చిన్న రాళ్లివి. తాపీ మేస్త్రీని అడిగితే ఒక బస్తా ఇచ్చారు. నది ఇసుకలోనివే కాబట్టి అంచులు నున్నగా ఉన్నాయి. సిమెంటు తగలని కుప్ప నుంచే తీసుకోండి. బకెట్టులో వేసి, చేత్తో కలుపుతూ, పైకి వచ్చే నీళ్లు తేటపడేదాకా కడగండి. మాకు పద్నాలుగు బకెట్ల నీళ్లు పట్టాయి, వాటిని కొబ్బరి మొక్కలకు పోశాం. కళింగపట్నం వెళ్లినప్పుడు ఏరుకొచ్చిన గవ్వలు, శంఖాలు వేస్తానంది పాప. వద్దన్నాను. గవ్వ మీద నిమ్మరసం చుక్క వేసి చూపించాను, బుసబుసమని నురగ వచ్చింది. అంటే అందులో సున్నం ఉంది, అది మెల్లగా కరిగి నీటి కఠినత్వాన్ని, అంటే నీళ్లలో కరిగిన సున్నం లాంటి లవణాల మోతాదును, పెంచుతుంది.

కుళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది. అది చేపనీ, మనం పెంచిన బ్యాక్టీరియానీ రెండింటినీ చంపుతుంది. వెడల్పాటి పాత్రలో ఒక రోజు తెరిచి ఉంచండి. తొందరగా కావాలంటే హైపో వేయండి. సోడియం థయోసల్ఫేట్ పలుకులను అక్వేరియం దుకాణాల్లో ఆ పేరుతోనే అమ్ముతారు. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ కఠినత్వం ఎక్కువగా ఉండవచ్చు. దాని గురించి దిగులు పడకండి, గప్పీ, మోలీ అనే చిన్న చేపలు కఠినత్వం ఉన్న నీళ్లలోనే హాయిగా ఉంటాయి. మన నీళ్లకు తగిన చేపను ఎంచుకోవడమే అన్నిటికన్నా చవక.

పంపు ఎక్కడ ఉందో చూడండి. తొట్టి నీటి మట్టం కన్నా పైన, గోడకు వేలాడదీశాను. కింద పెడితే కరెంటు పోగానే నీళ్లు గొట్టంలో ఎదురెక్కి పంపులోకి, అక్కడి నుంచి నేల మీదికి వచ్చేస్తాయి. వైరు కూడా ప్లగ్గు కన్నా కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడే వైరు వెంట జారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోదు.

కరెంటు గురించి మన జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, మందస వైపు రోజుల తరబడి చీకటే. అలాంటప్పుడు మేత పూర్తిగా ఆపండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప కొన్ని రోజులు తినకపోయినా బతుకుతుంది. చెంబుతో నీళ్లు తీసి, జానెడు ఎత్తు నుంచి ధారగా మళ్లీ అందులోనే పోయండి. గంటకోసారి పది చెంబులు పోస్తే నీళ్లలో గాలి కలుస్తుంది. తొట్టిలో చేపలు తక్కువగా ఉంటే ఈ కష్టకాలం గట్టెక్కుతారు. నేను ఈరోజు నాలుగు చేపలే తేవడానికి ఇదీ ఒక కారణం.

సరే, వెళ్లి వచ్చాం. ఈ సంచిలో నాలుగు గప్పీలున్నాయి, నాలుగూ మగవే. చిన్నగా, రంగురంగుల తోకతో ఉన్నది మగది. లావుగా, వెలిసిన రంగుతో ఉన్నది ఆడది. ఆడది ఒక్కటి ఉన్నా చాలు, దాదాపు నెలకోసారి పిల్లల్ని పెడుతుంది. మగది పక్కన లేకపోయినా, ఒకసారి జతకట్టినదానితోనే మళ్లీ మళ్లీ పెడుతుంది. ఆ పిల్లలన్నిటికీ ఈ తొట్టి చాలదు. అద్దాల మీది పాచి తింటుందని సక్కర్ చేపను ఇవ్వబోయారు, తీసుకోలేదు. అది అడుగు దాటి పెరుగుతుంది. ఇళ్లలో పెంచలేక వదిలేసిన అలాంటి చేపలే మన రాష్ట్రం నదుల్లో, చెరువుల్లో పెరిగి మత్స్యకారుల వలలు చింపుతున్నాయి. దయచేసి ఏ అక్వేరియం చేపనూ నాగావళిలో గానీ చెరువులో గానీ వదలకండి. పెంచలేకపోతే దుకాణానికే తిరిగి ఇవ్వండి.

సంచిని ఇలా విప్పకుండా పావుగంట నీళ్ల మీద తేలనివ్వాలి, లోపలి వేడి, బయటి వేడి ఒకటవుతాయి. తర్వాత మూతి విప్పి, తొట్టి నీళ్లు ఒక్కో గరిటె చొప్పున సంచిలోకి పోయాలి. ఐదు నిమిషాలకో గరిటె, ఐదారు సార్లు. ఆ తర్వాత వలతో చేపల్ని మాత్రం ఎత్తి వదలాలి, సంచి నీళ్లు తొట్టిలోకి పోకూడదు. గరిటె పాప చేతికిచ్చాను, లెక్క తప్పకుండా పోస్తోంది.

రేపటి నుంచి రెండు నిమిషాల్లో తినగలిగినంత మేత, రోజుకు ఒకసారి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చడం. స్పాంజిని కుళాయి కింద ఎప్పుడూ కడగకండి, తీసిన తొట్టి నీళ్లలోనే పిండండి, లేకపోతే 35 రోజుల తోడు మురుగు కాలువలో పోతుంది. వారానికి రెండుసార్లు కిట్టుతో చూస్తాం. రెండు వారాలు సున్నాలే వస్తే ఇంకో నాలుగు తెస్తాం.

ఇదిగో, నాలుగూ దిగాయి. ఒకటి అప్పుడే ఫిల్టర్ వెనక దాక్కుంది. కొత్త చోటు కదా, బెదురుతుంది. ఈరోజు మేత వేయం, లైటు కూడా వేయం. పాపా, ఆ తెర దించమ్మా. మీతో నేను మళ్లీ రెండు వారాల తర్వాత మాట్లాడతాను.