కొడికొండ చెక్‌పోస్టు అవతల

తమ్ముడు: నమస్తే, అనంతపురం నుంచి మళ్ళీ మేమే. ఈరోజు టాపిక్, విదేశాలతో వ్యాపార ఒప్పందాల వల్ల మనలాంటి సరిహద్దు జిల్లాలకు ఏం ఒరిగింది? అన్నా, ముందే చెప్తున్నా, శెనక్కాయ వద్దు.

అన్న: నేనేమన్నా అన్నానా? కానివ్వు.

తమ్ముడు: దక్షిణ కొరియాతో ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకొచ్చింది. 2019లో పెనుకొండ దగ్గర ఆ దేశం కంపెనీ కియా కార్లు మొదలైనాయి. ఆ ఊరు ఇప్పుడు సత్యసాయి జిల్లా లే. మొదట్లో ఏడాదికి 3 లక్షల కార్ల కెపాసిటీ. బెంగళూరు పక్కనే ఉండటం మనకు...

అన్న: నిన్న పెట్రోలు ఎక్కడ పోయించుకున్నావు?

తమ్ముడు: కొడికొండ చెక్‌పోస్టు దాటి, కర్ణాటక బాగేపల్లిలో.

అన్న: వింటున్నారా!

తమ్ముడు: మన దగ్గర 31 శాతం వ్యాట్, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఏం చేయాల? 2017లో జీఎస్టీ వచ్చి చెక్‌పోస్టులో లారీల వరుస పోయింది గానీ పెట్రోలు దాని బయటే ఉండిపోయింది. బండ్లన్నీ అవతలికి పోతే ఇవతల బంకువాడు ఈగలు తోలుకోవాల్సిందే.

అన్న: నువ్వు పోయింది పెట్రోలుకా, ఓళిగలకా?

తమ్ముడు: ఆ మాట ఎత్తొద్దని అనుకున్నాం కదా!

అన్న: సరే. బంకువాడికి అవతలి రేటన్నా తెలుస్తుంది. శెనక్కాయ రైతుకు...

తమ్ముడు: వచ్చేసింది.

అన్న: వినురా. 1994లో పామాయిల్ దిగుమతికి గేట్లు తెరిచినారు. సుంకం 65 శాతం. 1998కి అది 15. మా నాయన కల్లంలో గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించేవాడు. గలగలమంటే ఆరినట్టు. అంత తెలిసిన మనిషికి కూడా ధర ఎందుకు పడిందో చెప్పినోడు లేడు. మన రైతుకు సరిహద్దు కొడికొండలో లేదు, నూనె ఓడలు దిగే కాకినాడలో ఉంది.

తమ్ముడు: మరి వానో? ఎండిన బోర్లో? అన్నీ పామాయిల్ నెత్తినే రుద్దుతావు.

అన్న: వాన లేదు. అది నిజమే.

తమ్ముడు: మీ ఇంట్లో ఏం నూనె?

అన్న: ...

తమ్ముడు: చెప్పన్నా.

అన్న: మీ వదిన పామాయిల్ ప్యాకెట్లే తెస్తుంది. నవ్వకు. 2025 మేలో ముడి వంటనూనె సుంకం 20 శాతం నుంచి 10కి దించినారు. ప్యాకెట్ రేటు తగ్గుతుందని ఆమె, కాయ రేటు పడుతుందని మా చిన్నాయన. ఒకే వంటింట్లో తింటారు ఇద్దరూ.

తమ్ముడు: కియా మీద ఇంకో రెండు పాయింట్లు రాసుకున్నా.

అన్న: చదువు.

తమ్ముడు: చీటీ బండి డిక్కీలో ఉంది.

అన్న: తాళం ఏదీ?