24 నిమిషాలు
(తిరుపతిలో నర్సుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అమ్మాయిలూ, మీలో సగం మంది నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చినట్టున్నారు, కళ్లు చెబుతున్నాయి. ఎక్కువసేపు కూర్చోబెట్టను.

తిరుపతి క్యాజువాలిటీకి ఫిట్స్ కేసు కొత్తేం కాదు. కొండకొచ్చే వాళ్లకు రైల్లో నిద్రుండదు, క్యూలో నిద్రుండదు. ఉపవాసమని మాత్ర కూడా మానేస్తారు. అలిపిరి మెట్లు 3550 ఎక్కాక మూర్ఛ వస్తే, చేతిలో తాళాలగుత్తి పెట్టి మోసుకొస్తారు. ఫిట్స్ 5 నిమిషాలు దాటినా ఆగకపోతే ముందు లొరాజెపామో మిడజోలామో ఇస్తాం. ఆ తర్వాత ఫిట్స్‌ను అణిచే ఇంకో మందు, ఫెనిటాయిన్. ఈ పూట దాని గురించే.

చూడ్డానికి నీళ్లలా ఉంటుంది గానీ దాని పీహెచ్ 12, సున్నపుతేటకు ఉన్నంత ఘాటు. కండకు ఇంజెక్షన్‌గా చేయకూడదు. నరం తప్పి బయటికి కారితే లోపల కాలుస్తుంది. చేయి వాచి, ఊదా గ్లౌజు తొడిగినట్టు అయిపోతుంది. అందుకే అరచేతి వెనక సన్న నరం వద్దు, మోచేతి దగ్గర లావుపాటిది చూసుకోండి.

నేను చేరిన కొత్తలో, ఏ ఆస్పత్రో ఎందుకులెండి, చేతికందిన గ్లూకోజు బాటిల్లో కలిపేశాను. పెద్ద సిస్టరమ్మ బాటిల్ ఎత్తి లైటుకు పట్టింది. లోపల మజ్జిగ తేటలా మసక! ఆమె కళ్లు చల్లగుండ, పేషెంటుకు ఎక్కలేదు. నార్మల్ సెలైన్ తప్ప ఇంకేదీ వద్దు. ఆ లైనులో అంతకుముందు గ్లూకోజు నడిచుంటే సెలైన్‌తో కడిగాకే మొదలుపెట్టండి.

ఇక వేగం. ‘ఏమ్మా, బిరబిరా ఎక్కించరాదా’ అని పేషెంటు తాలూకు వాళ్లు నెత్తినెక్కుతారు. ఎక్కనీండి. పెద్దవాళ్లకు నిమిషానికి 50 మిల్లీగ్రాములు మించకూడదు. 60 కిలోల మనిషికి డాక్టరు కిలోకు 20 చొప్పున రాస్తే 1200 మిల్లీగ్రాములు, అంటే వంద మిల్లీగ్రాముల ఆంప్యూల్స్ 12. తక్కువలో తక్కువ 24 నిమిషాలు. ముసలివాళ్లకు, గుండెజబ్బు వాళ్లకు అందులో సగం వేగమే, 48 నిమిషాలు. తొందరపడితే బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. మానిటర్ తగిలించకుండా మొదలుపెట్టొద్దు. ఇసీజీలో హార్ట్ బ్లాక్, అంటే గుండెలో విద్యుత్ సంకేతానికి అడ్డు, కనిపిస్తే చేయి ఆపి డాక్టరును పిలవండి.

బాటిల్‌కు ప్లాస్టర్ అంటించి, మొదలుపెట్టిన టైము రాయండి. డ్యూటీ మారేటప్పుడు కేస్‌షీటొక్కటే ఇచ్చి పోవద్దు, పేషెంటు చేయి కూడా చూపించి అప్పగించండి. రంగు మారడం ఒక్కోసారి గంటల తర్వాత మొదలవుతుంది. అప్పటికి మీరు చిత్తూరు బస్సులో కునుకు తీస్తుంటారు.