పత్రిక సరే, చదివి చెప్పేవాళ్లేరీ?

వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. అందర్నీ పేరుపేరునా తలుచుకోవాలి గానీ, నాకిచ్చిన సమయం తక్కువ. మన్నించండి.

తెలుగులో పరిశోధన పత్రిక పెడుతున్నామనగానే అందరూ అడిగేది ఒకటే: పత్రికలకిచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు వచ్చిందా? వస్తుందండీ. మన దేశంలో దాన్ని ఉచితంగానే ఇస్తారు. అది గుర్తింపు సంఖ్య మాత్రమే, లోపలి వ్యాసాలు మంచివని హామీ కాదు. విశ్వవిద్యాలయాల్ని పర్యవేక్షించే యూజీసీ 2018 మేలో తాను ఆమోదించిన పత్రికల జాబితాలోంచి 4,305 పత్రికల్ని తీసేసింది. తర్వాత నాణ్యమైన పత్రికలివీ అంటూ 'కేర్' అనే కొత్త జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ ఆపేసింది. అలాంటి జాబితాలో చేరడం కోసమే అయితే ఈ పత్రిక వద్దు.

నా విద్యార్థిని ఒకమ్మాయి ఊరూరా తిరిగి జానపద గేయాలు సేకరించి వ్యాసం రాసింది. థీసిస్ ఇవ్వాలంటే వ్యాసం అచ్చవ్వాలన్న నిబంధన అప్పట్లో ఉండేది. ఆ టెన్షన్‌లో ఒక పత్రికకు పంపింది. సాయంత్రం పంపితే తెల్లారేసరికి 'అంగీకరించాం' అని జవాబు. కిందనే డబ్బు కట్టాల్సిన ఫోన్ నంబరు. రాత్రికి రాత్రే ఎవరు చదివారండీ? కట్టింది పాపం, ఫెలోషిప్ కూడా లేని పిల్ల. సంచిక వచ్చాక చూస్తే పాటలో ఒక చరణం లేదు. ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో ఇచ్చినదాన్ని డీటీపీవాళ్లు అచ్చుపనికి వాడే పాత పద్ధతి అను ఫాంట్‌లోకి మార్చారు, వత్తులు ఎక్కడివక్కడ ఊడిపోయాయి. అధోజ్ఞాపికలు, అదే ఫుట్‌నోట్లు, మొత్తం ఎగిరిపోయాయి. పాట పాడిన ముసలావిడ పేరు, ఊరు ఉన్నది వాటిలోనే! ప్రూఫ్ ఒక్కసారి చూపించి ఉంటే ఆ పేరు నిలిచేది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఇదొక్కటీ చెప్పనివ్వండి.

1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 'భారతి' సాహిత్య మాసపత్రిక మొదలుపెట్టారు. 1991 దాకా నడిచింది. ఒకరు శాసనం మీదో కావ్యం మీదో వ్యాసం రాస్తే, కాదంటూ ఆధారాలతో మరొకరు రాసేవారు. ఎంత పెద్దవారు రాసినా అడిగేవాళ్లుండేవారు. అచ్చయ్యాక జరిగిన ఆ పరీక్ష మన దగ్గర అచ్చుకు ముందే జరగాలి. రాసినవారి పేరు తీసేసి ఆ విషయం తెలిసిన ఇద్దరికి పంపుదాం. తిప్పి పంపితే ఎందుకు పంపామో రాసి పంపుదాం. రచయిత దగ్గర పైసా తీసుకోవద్దు. ఫాంట్ సంగతి మళ్లీ చెబుతున్నాను, యూనికోడ్‌లోనే వేయండి. రేపు నెట్‌లో ఆ ముసలావిడ ఊరి పేరు కొట్టి వెతికితే దొరకాలి.

దీనికి డబ్బుకన్నా ముందు మనుషులు కావాలి. రిటైరైన ఆచార్యులు ఇంతమంది వచ్చారు. అయ్యా, అమ్మా, ఏడాదికి రెండు వ్యాసాలు చదివిపెట్టలేరా? మార్జిన్‌లో నాలుగు ముక్కలు రాయలేరా? మొహమాటం మాత్రం వద్దు. మీ శిష్యుడిదైనా, నాదైనా, బాగాలేకపోతే బాగాలేదనే రాయండి.

ముందు వరుస నుంచి ఒక కాగితం పంపుతున్నాను. పేరు, ఫోన్ నంబరు, మీరు ఏ విషయం మీద వ్యాసాలు చూడగలరో రాసి పక్కవారికి ఇవ్వండి.