నమలకుండా ఒక్క నిమిషం: పిన్నితో చాక్లెట్ కబుర్లు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ వారం స్టూడియో లేదు, మా వంటింట్లోనే రికార్డింగ్. వెనకాల ఫ్రిజ్ మోత వినిపిస్తే సర్దుకోండి. నా ఎదురుగా మా పిన్ని ఉంది. ఏలూరు దగ్గర వాళ్ళకి కొబ్బరి తోట, ఆ కొబ్బరి నీడన కోకో. పిన్నీ, పలకరించు.

పిన్ని: ఇందాక పలకరించాను కదే, మైకు చూసేటప్పుడు.

హోస్ట్: (నవ్వు) అది వాళ్ళకి వినపడదు పిన్నీ.

పిన్ని: అయితే నమస్తే అండీ.

హోస్ట్: నా చిన్నప్పుడు ఊరి నుంచి వచ్చినప్పుడల్లా చాక్లెట్లు తెచ్చేదానివి, గుర్తుందా?

పిన్ని: అవి చాక్లెట్లు కావు, పిప్పరమెంట్లు! మనకి కాగితం చుట్టిందల్లా చాక్లెట్టే. కొట్లో చిల్లర లేదని చేతిలో పెట్టేదీ చాక్లెట్టే. మా తోటలో కోకో వేసి ఇరవై ఏళ్ళయింది, అసలు చాక్లెట్ రుచి నాకు తెలిసింది మాత్రం మొన్న మొన్న. గింజలు బస్తాల్లో పోసి అమ్మేయడమే. ఆ తర్వాత అవి ఏమయ్యాయో ఎవరు పట్టించుకున్నారు?

హోస్ట్: కోకో అంటే ఆఫ్రికాదే అనుకుంటారు చాలామంది.

పిన్ని: ప్రపంచంలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనాల్లోనే పండుతుంది మరి. మన దేశంలో అయితే ఆంధ్రాదే పైచెయ్యి. 2024లో ఆఫ్రికాలో పంట దెబ్బతింటే ఇక్కడ ఎండు గింజలు కిలో వెయ్యి దరిదాపుల్లోకి పోయాయి. మరుసటి ఏడు సగానికి పడిపోయాయి. ఆ సంగతి ఎత్తకు, మీ బాబాయికి బీపీ.

హోస్ట్: సరే, కాయ సంగతి చెప్పు.

పిన్ని: పనసలాగే మాను మీదే కాస్తుంది. కొడితే లోపల ముప్ఫై నలభై గింజలు, చుట్టూ తెల్లటి గుజ్జు, సీతాఫలంలా. పుల్లగా, తియ్యగా ఉంటుంది. ఉడతలకి ఆ గుజ్జంటే ప్రాణం. పచ్చి గింజ కొరికితే మాత్రం చేదు, వగరు. చాక్లెట్ వాసనే ఉండదు.

హోస్ట్: మరి ఆ వాసన ఎక్కడి నుంచి వస్తుంది?

పిన్ని: పులియబెట్టడంలో మొదలవుతుంది. గుజ్జుతో సహా గింజల్ని చెక్కపెట్టెల్లో పోసి, అరిటాకులు కప్పి, ఐదారు రోజులు ఉంచుతారు. మధ్యలో తిరగెయ్యాలి. మొదట కల్లు వాసన, తర్వాత వెనిగర్ ఘాటు. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, లోపల 45 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా పులిస్తే గింజ కోసినప్పుడు లోపల గోధుమ రంగు, లేకపోతే ఊదా. ఎండబెట్టాక వేయిస్తే, అప్పుడు ఇల్లంతా వాసన. మేం తొందరపడి రెండు రోజులకే ఎండబెట్టేసేవాళ్ళం కొన్నాళ్ళు. ఇప్పుడు హైదరాబాద్‌లో 'మనం చాక్లెట్' అనే కంపెనీ వాళ్ళలా గోదావరి గింజతోనే చేసేవాళ్ళు వచ్చాక, పులిసిన తీరు అడిగి మరీ కొంటున్నారు.

హోస్ట్: ఇదిగో, ఇది 70 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్. ముందు విరుస్తున్నా... విన్నారా? టక్కుమంది. మెరుస్తోంది కూడా. నోట్లో పెట్టుకుంటున్నా పిన్నీ.

పిన్ని: నమలకు! నాలుక మీద పెట్టి ఊరుకో. కోకో గింజలోని కొవ్వు, అదే కోకో బటర్, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నోటి వేడి చాలు.

హోస్ట్: (కాసేపు నిశ్శబ్దం) మొదట చేదు... ఇప్పుడు చింతపండు పులుపులాంటిది. చివర్లో బెల్లం.

పిన్ని: నాకైతే ఎండుద్రాక్ష తగిలింది. ఎవరి నాలుక వాళ్ళది. ఆవకాయ అన్నం తిన్న వెంటనే మాత్రం ప్రయత్నించొద్దు, ఏమీ తెలియదు. కొత్తవాళ్ళు 50, 55 శాతంతో మొదలుపెడితే నయం.

హోస్ట్: కొనేటప్పుడు వెనక కూడా చదవండి. కోకో బటర్ అని ఉండాలి. హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్, అంటే కోకో బటర్ బదులు వేరే కొవ్వు వేసింది. కేకుల పైపూతకి పరవాలేదు, ఇలా కూర్చుని రుచి చూడటానికి పనికిరాదు. సరే, ఇప్పుడు ట్రఫుల్స్, అంటే మెత్తటి చాక్లెట్ ఉండలు. 200 గ్రాముల డార్క్ చాక్లెట్, 100 గ్రాముల ఫ్రెష్ క్రీమ్, అంతే. చాక్లెట్ సన్నగా తరిగి, పొగలు వచ్చేలా వేడిచేసిన క్రీమ్ పోసి, రెండు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. తర్వాత మధ్యలోంచి మెల్లగా కలపాలి. ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టి ఉండలు చేసుకోవడమే.

పిన్ని: పైన కోకో పొడి అద్దుతారు. నేను వేయించిన నువ్వులు అద్దాను. సున్నుండల చెయ్యి కదా, గుండ్రంగా వచ్చాయి.

హోస్ట్: పల్లీల చాక్లెట్లు చేసినప్పుడు ఏమైందో చెప్పనా?

పిన్ని: చెప్పు, పరువు తియ్యి.

హోస్ట్: మరిగే నీళ్ళ మీద గిన్నె పెట్టి చాక్లెట్ కరిగిస్తూ, పిన్ని అలవాటుగా మూత పెట్టింది. మూతకి పట్టిన ఆవిరి రెండు చుక్కలు పడింది. అంతే, ఇసకలా ముద్దకట్టేసింది.

పిన్ని: రెండు చుక్కలకే అంత రభస! చివరికి వేడి పాలు పోసి కలిపితే సాస్ అయింది. పిల్లలు అరటిపండు ముంచుకుని తిన్నారు.

హోస్ట్: కాబట్టి గిన్నె, గరిటె పొడిగా ఉండాలి, మూత వద్దు. చాక్లెట్‌లో మూడో వంతు పక్కన పెట్టుకుని, మిగతాది కరిగాక దించి, ఆ ముక్కలు వేసి కలుపుతూ 31, 32 డిగ్రీలకి చల్లార్చండి. అప్పుడే మెరుపు, ఆ టక్కు. థర్మామీటర్ లేకపోతే కింది పెదవికి కొంచెం తాకించండి, చల్లగా అనిపించాలి. అందులో వేయించి పొట్టు తీసిన పల్లీలు కలిపి, చెంచాతో బటర్ పేపర్ మీద వేయండి.

పిన్ని: మన ఎండలకి బయట ఉంచితే మళ్ళీ పాయసమే.

హోస్ట్: గట్టి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు బయట పెట్టి, చల్లదనం పోయాకే మూత తియ్యండి. వెంటనే తెరిస్తే చెమ్మ పట్టి తెల్లమచ్చలు వస్తాయి. బూజు కాదు, తినొచ్చు.

పిన్ని: ఏమే, ఆ ఉండలు ఆరు మీ బాబాయికి కట్టు.

హోస్ట్: బాబాయికి షుగర్ కదా?

పిన్ని: అయితే రెండు. ఇన్నేళ్ళు కాయలు కోసిన మనిషి, ఒక్కసారైనా తినాలిగా. కానీ నోట్లో వేసుకోగానే పకోడీలా నమిలేస్తాడు.

హోస్ట్: మరెలా?

పిన్ని: ముందు ఈ ఎపిసోడ్ వినిపించి, అప్పుడు డబ్బా తీస్తా.