మలంలో రక్తం: ముందు ఎంత, తరువాతే ఎక్కడ

మిత్రులారా,

మలద్వారం గుండా రక్తం పోతున్న రోగి రాగానే మనలో చాలామందికి తోచే మొదటి ప్రశ్న, అది ఎక్కడి నుంచి వస్తోందన్నది. ఎంత పోయిందన్న ప్రశ్న దానికంటే ముందు రావాలని ఈ రోజు నేను మీకు మనవి చేయదలచుకున్నాను.

హిమోగ్లోబిన్ 12 ఉందని చూసి రోగిని వార్డులో ఒక మూల మంచానికి పంపేయడం హౌస్ సర్జన్లు తరచు చేసే పొరపాటు. నేనూ ఆ వయసులో చేశాను. రక్తం పోయేటప్పుడు కణాలూ ప్లాస్మా కలిసే పోతాయి కాబట్టి, కణజాలంలోని నీరు రక్తనాళాల్లోకి చేరేవరకో, మనం సెలైన్ ఎక్కించేవరకో ఆ అంకె పెద్దగా తగ్గదు. తొలి గంటల్లో నాడి, రక్తపోటు చెప్పేదే నమ్మదగినది. నాడి వేగాన్ని సిస్టాలిక్ పీడనంతో భాగిస్తే వచ్చే షాక్ ఇండెక్స్ 1 దాటిందంటే రోగి ప్రమాదంలో ఉన్నట్లే. అయితే గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు వాడుతున్న వృద్ధుడి నాడి, ఎంత రక్తం పోయినా, 80 దగ్గరే నిలిచి మనల్ని మోసం చేయవచ్చు. సాధారణంగా హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గినప్పుడు రక్తం ఎక్కిస్తాం. గుండెజబ్బు ఉన్నవారికి ఆ హద్దును 8గా పెట్టుకోవడం మేలు. కళ్లెదుటే ధారగా పోతున్న రోగి విషయంలో మాత్రం ఈ అంకెల కోసం ఎదురుచూడకూడదు.

ఎర్రటి రక్తం పోతూ, రక్తపోటు పడిపోయి రోగి షాక్‌లో ఉంటే, మూలం జీర్ణాశయంలోనో, చిన్నపేగు మొదటి భాగమైన డ్యుయోడినంలోనో ఉండవచ్చు. పుండు నుంచి వేగంగా కారే రక్తానికి నల్లబడే వ్యవధి కూడా దొరకదు. యూరియా బాగా పెరిగి క్రియాటినిన్ మామూలుగా ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. అలాంటివారికి ముందు పై ఎండోస్కోపీ చేయాలి.

వేలితో చేసే మలద్వార పరీక్షను మాత్రం ఎవరూ దాటవేయవద్దు. గ్లవ్ మీద అంటినది తాజా ఎరుపా, ముదురు మెరూనా, తారులాంటి నలుపా అన్నది ఒక్క నిమిషంలో తెలుస్తుంది. వేలికి గట్టిగా, ఎగుడుదిగుడుగా ఒక గడ్డ తగిలితే రోగనిర్ధారణ అక్కడే సగం పూర్తయినట్లు. మొలలు కనబడగానే వెతకడం ఆపేయడం ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే మొలలున్న మనిషికి పైన పెద్దపేగులో క్యాన్సర్ ఉండకూడదన్న నియమమేమీ లేదు. మలబద్ధకం మందులూ, మొలల క్రీములూ వాడుతూ నెలలు గడిపేసి, చివరికి రక్తహీనతతో వచ్చేవారిని ఇప్పటికీ చూస్తున్నాం.

పెద్దవారిలో ధారాళంగా రక్తం పోవడానికి ఎక్కువగా కనిపించే కారణం డైవర్టిక్యులా, అంటే పేగు గోడ బలహీనపడినచోట బయటికి పొడుచుకొచ్చే చిన్న సంచులు. ఇది సాధారణంగా నొప్పి లేకుండా, అకస్మాత్తుగా మొదలై, ఎక్కువమందిలో దానంతటదే ఆగిపోతుంది. కడుపునొప్పి ముందు వచ్చి, తరువాత కొద్దిగా రక్తం పోతే, రక్తప్రసరణ తగ్గి పెద్దపేగు దెబ్బతినే ఇస్కీమిక్ కొలైటిస్‌ను తలచుకోవాలి.

రక్తపోటు నిలబడని రోగికి పేగు శుభ్రం చేసి కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టంతో పెద్దపేగును చూడటం) చేద్దామని కూర్చోవడం సరికాదు. రక్తనాళాలను చూపే స్కాన్ అయిన సీటీ యాంజియోగ్రఫీ చేస్తే, ఆ క్షణంలో కారుతున్నచోట కాంట్రాస్టు, అంటే స్కాన్ కోసం రక్తంలోకి ఎక్కించిన మందు, పేగులోకి చిమ్మడం కనిపిస్తుంది. కనిపించిన వెంటనే రేడియాలజిస్టు ఆ సన్నని ధమనిలోకి కెథెటర్ పంపి మూసివేయగలరు. నిలకడగా ఉన్న రోగికి పేగును శుభ్రం చేసే 4 నుంచి 6 లీటర్ల పాలిఇథిలిన్ గ్లైకాల్ ద్రావణం తాగించి, తేటగా పోయాక కొలనోస్కోపీ చేస్తాం. డైవర్టిక్యులమ్‌కు క్లిప్పు గానీ బ్యాండు గానీ, పేగు గోడలో వికృతంగా ఉబ్బిన రక్తనాళాలైన ఆంజియోడిస్‌ప్లేసియాకు వేడితో మాడ్చే ఆర్గాన్ ప్లాస్మా గానీ వాడతాం. కుడివైపు పెద్దపేగు గోడ పలచన కాబట్టి అక్కడ శక్తి తగ్గించుకోవాలి. రక్తస్రావాన్ని ఆపేందుకు వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇవ్వడం చాలాచోట్ల అలవాటుగా మారింది. అయితే 2020లో వెలువడిన హాల్ట్-ఐటీ అధ్యయనం జీర్ణవ్యవస్థ రక్తస్రావంలో దానివల్ల మరణాలు తగ్గలేదనీ, సిరల్లో గడ్డలు కట్టడం పెరిగిందనీ తేల్చింది.

ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ మరోసారి చదవండి. నొప్పి మాత్రలు, ముఖ్యంగా డైక్లోఫెనాక్ వంటివి, ఆపాలి. గుండెపోటు ఎన్నడూ రాకపోయినా ముందుజాగ్రత్తగా వాడుతున్న ఆస్పిరిన్‌ను ఆపవచ్చు. గుండెపోటు వచ్చినవారికీ స్టెంటు ఉన్నవారికీ ఆస్పిరిన్ కొనసాగించాలి. దానితోపాటు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వంటి రెండో మందు ఉంటే, దాన్ని ఆపేముందు అదే రోజు కార్డియాలజిస్టుతో మాట్లాడి, ఏ తేదీన మళ్లీ మొదలుపెట్టాలో చీటీ మీదే రాసి పంపండి.