ప్రెట్‌జెల్ హాట్‌డాగ్ ఇంట్లోనే: సగం పని సోడా నీళ్ళదే

[ప్లేటులో రెండు హాట్‌డాగ్‌లు. ఒకటి ముదురు గోధుమ రంగులో నిగనిగలాడుతూ, ఇంకోటి పాలిపోయి.]

నమస్తే అండీ. ఈ రెండూ ఒకే పిండితో చేసినవి. సాసేజ్ ఒకటే, ట్రే ఒకటే, ఓవెన్‌లో పెట్టిన టైమూ ఒకటే. తేడా ఒక్కటే, కుడివైపుదాన్ని కాల్చే ముందు అర నిమిషం సోడా నీళ్ళలో, అంటే వంట సోడా కలిపిన మరిగే నీళ్ళలో ముంచాను. ఎడమవైపుది కూడా బాగానే ఉంటుంది, కాకపోతే అది మన బేకరీల్లో దొరికే సాసేజ్ బన్నే. ప్రెట్‌జెల్ రుచి రావాలంటే ఆ సోడా నీళ్ళు తప్పవు.

ప్రెట్‌జెల్ జర్మన్ల రొట్టె. వాళ్ళలో కొందరు వలస వెళ్ళి అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్థిరపడ్డారు, ఈ రొట్టె కూడా వాళ్ళతో వెళ్ళింది. ఆ పిండినే సాసేజ్ చుట్టూ చుట్టి కాల్చి అక్కడి మాల్స్‌లో అమ్ముతారు. మనం దాన్ని బెజవాడ ఎండలో, బెజవాడ వంటింట్లో చేస్తున్నాం కాబట్టి అక్కడి రెసిపీని ఉన్నదున్నట్టు దింపితే కుదరదు.

[గిన్నెలో పిండి కలుపుతున్న చేతులు]

ఎనిమిది హాట్‌డాగ్‌లకి మైదా 300 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీస్పూన్, పంచదార ఒక టేబుల్ స్పూన్, ఉప్పు ఒక టీస్పూన్, మెత్తబడ్డ వెన్న 25 గ్రాములు, నీళ్ళు 170 మిల్లీలీటర్లు. పిండి చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా ఉండాలి. మొదట్లో ఇంకొంచెం నీళ్ళు పోద్దామనిపిస్తుంది, పోయకండి. ఎనిమిది పది నిమిషాలు మర్దిస్తే అదే నునుపు తేలుతుంది.

నీళ్ళ సంగతి. రెసిపీలన్నీ గోరువెచ్చని నీళ్ళు పోయమంటాయి. అవి చలి దేశాల వాళ్ళు రాసుకున్నవి. మే నెల మధ్యాహ్నం మన కుళాయి తిప్పితే డాబా మీది ట్యాంకులో కాగిన నీళ్ళే వస్తాయి. అవి వద్దు. కుండలో నీళ్ళు పోయండి చాలు. ఎండాకాలంలో పిండి గంట సేపు పొంగనక్కర్లేదు, అరగంటకే రెట్టింపు అవుతుంది. గడియారం చూడకుండా పిండిని చూడండి. ఎక్కువ పులిస్తే చుట్టేటప్పుడు సాగి తెగిపోతుంది, పుల్లటి వాసన కూడా వస్తుంది. డిసెంబర్లో చేస్తే మాత్రం గంట పట్టొచ్చు.

[సాసేజ్‌లను శుభ్రమైన గుడ్డతో తుడుస్తూ]

చికెన్ సాసేజ్‌లు సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లలో దొరుకుతాయి. ప్యాకెట్ మీద ఏం రాశారో చదివి, ఉడికించమంటే ఉడికించి, పూర్తిగా చల్లార్చండి. ఆ తర్వాత పొడి గుడ్డతో తడి లేకుండా తుడవండి. తడి సాసేజ్ మీద పిండి నిలవదు, జారిపోతుంది. వేడిగా ఉంటే ఇంకా ఘోరం, లోపలి పిండి జావలా అవుతుంది.

పిండిని ఎనిమిది ఉండలు చేసి, ఒక్కోదాన్ని చిటికెన వేలి మందాన, మూరెడు పొడవున తాడులా పాముకోండి. పాముతుంటే వెనక్కి ముడుచుకుపోతోందా? బలవంతం చేయకండి. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి అందుకోండి, ఐదు నిమిషాల తర్వాత అదే మాట వింటుంది. ఇక సాసేజ్ చుట్టూ వరసగా చుట్టండి, రెండు కొసలూ బయటకి కనపడాలి. పిండి చివర్లని కింది వరస లోపలికి దోపి గట్టిగా నొక్కండి. చుట్టినవన్నీ ఒక ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. మన వేడికి ఇది తప్పనిసరి, లేకపోతే సోడా నీళ్ళలో వెయ్యగానే చుట్లు విడిపోతాయి.

[పొయ్యి మీద పెద్ద స్టీలు గిన్నె. నీళ్ళు మరుగుతున్నాయి.]

లీటరున్నర నీళ్ళు మరగనిచ్చి, అందులో ఆరు టేబుల్ స్పూన్ల వంట సోడా వెయ్యాలి.

[కెమెరా వెనక నుంచి అమ్మ గొంతు: "ఆరు చెంచాలా? బజ్జీల పిండిలో చిటికెడు ఎక్కువైతేనే నోట్లో పెట్టుకోలేమే!"]

అమ్మా, ఇది పిండిలో కలపట్లేదు, నీళ్ళలోనే ఉంటుంది. పిండి అందులో అర నిమిషం మునిగి లేస్తుంది, అంతే. అయితే అమ్మ చెప్పిన దాంట్లో నిజం లేకపోలేదు. నిమిషం దాటి ఉంచితే ఆ చేదు, సబ్బు రుచి వచ్చి తీరతాయి.

సోడా ఒక్కసారిగా గుమ్మరించకండి, నురగ గిన్నె దాటి పొంగుతుంది. చెంచా చెంచాగా వెయ్యండి. గిన్నె స్టీలుదే అయ్యుండాలి. అల్యూమినియం గిన్నె అసలు వద్దు, సోడాలోని క్షారం (ఆమ్లానికి విరుద్ధ గుణం ఉన్నది) ఆ లోహాన్ని తినేస్తుంది, గిన్నె నల్లబడుతుంది, అదంతా మన తిండిలోకి వస్తుంది. ఇంకో సంగతి, వెయ్యాల్సింది బేకింగ్ పౌడర్ కాదు. అందులో సోడాతో పాటు ఆమ్లం కూడా ఉంటుంది. నీళ్ళలో పడితే ఆ రెండూ కలిసి బుసబుసమని తేలిపోతాయి, క్షారం పెద్దగా మిగలదు.

[హాట్‌డాగ్‌ను పూరీలు తీసే చిల్లుల గరిటెతో ముంచుతూ, దగ్గర నుంచి]

ఇంతకీ ఈ అర నిమిషంలో జరిగేదేంటి? రెండు పనులు. పైపొరలోని పిండిపదార్థం వేడి నీళ్ళకి ఉడికి, గంజిలాంటి పల్చని పూత అవుతుంది. ఆ నిగనిగ, కొరికినప్పుడు సాగే గుణం దాని వల్లే. రెండోది రంగు. రొట్టె ఎర్రగా కాలడమంటే పిండిలోని ప్రొటీన్లు, చక్కెరలు వేడికి కలిసి కొత్త రంగులూ రుచులూ పుట్టించడం. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త పేరు మీద మయార్డ్ చర్య అంటారు. క్షారం తగిలితే ఈ చర్య వేగం అందుకుంటుంది. అందుకే పావుగంటలో అంత ముదురు రంగు.

జర్మన్ బేకరీల్లో అయితే వంట సోడా కాదు, కాస్టిక్ సోడా కలిపిన పల్చటి ద్రావణం వాడతారు. చర్మం కాల్చేసే సరుకు అది. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోరు. సింకులు శుభ్రం చేసే పొడి తెచ్చి ప్రయోగాలు చేయకండి, దయచేసి. రంగు ఇంకా ముదరాలనుకుంటే దారి ఉంది. వంట సోడాని స్టీలు పళ్ళెంలో పరిచి, 120 డిగ్రీల్లో గంట సేపు ఓవెన్‌లో ఉంచితే అది సోడియం కార్బొనేట్‌గా మారుతుంది, క్షారగుణం బాగా పెరుగుతుంది. అది వాడితే రెండు చెంచాలు చాలు, చేతికి మాత్రం తగలనివ్వకండి. మొదటిసారి చేసేవాళ్ళు మామూలు సోడాతోనే కానివ్వండి.

[నూనె రాసిన బటర్ పేపర్ మీద వరసగా అమర్చుతూ]

ముంచి తీసినవి జిగురుగా ఉంటాయి, వట్టి బటర్ పేపర్‌కి అతుక్కుపోతాయి. పేపర్‌కి నూనె రాయండి. పైన గుడ్డు పచ్చసొన పూసి, కచ్చాపచ్చాగా దంచిన రాళ్ళ ఉప్పు చల్లండి. ముందే వేడెక్కిన ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 220 డిగ్రీలు, 13 నుంచి 15 నిమిషాలు. చిన్న ఓటీజీల్లో వెనక వైపు త్వరగా మాడుతుంది కాబట్టి మధ్యలో ట్రే తిప్పండి. ఎయిర్ ఫ్రయర్‌లో అయితే 190 డిగ్రీల దగ్గర పెట్టి, పది నిమిషాలు కాగానే తీసి చూడండి. కుక్కర్లో ఇసుక పోసి చేయొచ్చా అని అడుగుతారు, నాకు తెలుసు. ఉడుకుతుంది కానీ ఈ రంగు రాదు. అలాంటప్పుడు ఇంత శ్రమ దేనికండీ?

[చిన్న గిన్నెలో ఆవపిండి కలుపుతూ]

దీనికి జోడీ మస్టర్డ్ సాస్. ఆవకాయ పెట్టే ఇంట్లో దాన్ని కొనడమేంటి? రెండు చెంచాల ఆవపిండిని చల్లటి నీళ్ళతో కలిపి పది నిమిషాలు వదిలేయండి. ఘాటు ఆ పది నిమిషాల్లోనే పుడుతుంది. వేడి నీళ్ళు పోస్తే ఘాటు పుట్టించే ఎంజైమ్ చచ్చిపోయి చేదే మిగులుతుంది. పది నిమిషాలయ్యాక నిమ్మరసం, ఉప్పు, కొంచెం బెల్లం. గుంటూరు వాళ్ళయితే చిటికెడు కారం వెయ్యకుండా ఊరుకోరు, వేసుకోండి.

మాంసం తిననివాళ్ళకి బజ్జీ మిరపకాయ. గింజలు తీసి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కూరి, తడి తుడిచి ఇలాగే చుట్టండి. నిజం చెప్పాలంటే నాకు సాసేజ్ కంటే ఇదే ఎక్కువ నచ్చింది.

చిన్న పిల్లలకి ఇచ్చేటప్పుడు సాసేజ్‌ని గుండ్రటి ముక్కలుగా కొయ్యకండి, గొంతుకి అడ్డం పడుతుంది. నిలువునా నాలుగు చీలికలు చేసి ఇవ్వండి.

ఉప్పు మాత్రం అప్పటికప్పుడు తినేవాటి మీదే చల్లండి. మన గాలిలో తేమకి ఉప్పు కరిగి పైపొర మెత్తబడుతుంది. మిగిలినవి ఉప్పు లేకుండా కాల్చి, చల్లారాక డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టండి. తినాలనుకున్నప్పుడు బయటపెట్టి మంచు కరగనిచ్చి, నీళ్ళు చిలకరించి ఉప్పు చల్లి, 180 డిగ్రీల్లో లోపల సాసేజ్ సెగలు కక్కేదాకా వేడి చేయండి. మైక్రోవేవ్ వద్దు, రొట్టె తోలులా సాగుతుంది.